తలవంచడం వేరు, తగ్గించుకోవడం వేరు

మా సంఘాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. తగ్గించుకోవాలి. ఆదివారం ప్రసంగంలో ఆ మాట వస్తుంది. పెళ్ళిలో కొత్త దంపతులకు చెప్పే హితవులో వస్తుంది. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగవు పడితే సంఘ పెద్దలు సర్దిచెప్పేటప్పుడూ వస్తుంది. మంచి మాటే. కానీ చదువుకుంటున్న మా పిల్లలు ఈ మధ్య ఆ మాట వినగానే ఒక ప్రశ్న వేస్తున్నారు. "ఆఫీసుకు వెళ్తే మనల్ని గుమ్మం బయటే నిలబెడతారు. సంతలో మన చింతపండుకి వాళ్ళు చెప్పిందే తూకం. హాస్టల్లో మన భాష మాట్లాడితే పక్కవాళ్ళు నవ్వుతారు. ఇప్పటికే ఇంత కింద ఉన్నాం. ఇంకా ఎక్కడికి తగ్గాలి?"

ఈ ప్రశ్నను కోపంతో అడిగారని పక్కన పెట్టకూడదు. దీనికి జవాబు చెప్పకుండా తగ్గింపు గురించి ఎంత బోధించినా అది మన పిల్లల చెవుల్లో "నోరు మూసుకుని ఉండు" అన్నట్టే వినిపిస్తుంది. అందుకే మాకు తెలిసినంతలో, మేము పడిన కష్టాన్ని ముందు పెట్టుకుని జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తున్నాం.

మేము కోయలం. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం వైపు వాళ్ళం. మా ఊళ్ళో కొన్ని ఇళ్ళు ప్రార్థన మందిరానికి వెళ్తాయి, కొన్ని ఇళ్ళు పెద్దల నాటి వేల్పులను కొలుస్తాయి. ఇంటిపేర్లు ఒకటే, చుట్టరికాలు ఒకటే. ఒకే గట్టు మీద నడుస్తాం, ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పడతాం.

2022 జూలైలో వచ్చిన వరదను మా ప్రాంతంలో ఎవరూ మరచిపోలేరు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఆ నెల 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. దానికన్నా పెద్దది 1986 ఆగస్టు వరద, 75.6 అడుగులు. మా పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ వరదకు ముందు, ఆ వరద తర్వాత అని వయసులు లెక్కపెడతారు. మా వైపు ముంపు రెండు విధాలుగా వస్తుంది. గోదావరి నిండుగా పారుతున్నప్పుడు శబరి నీళ్ళకు కలిసే దారి ఉండదు. గోదావరి ఎగదన్నుతుంది. శబరి వెనక్కి మళ్ళి వాగుల్లోకి, వాగుల్లోంచి పొలాల్లోకి, పొలాల్లోంచి ఇళ్ళలోకి వస్తుంది. నది ఊరికి దూరంగానే ఉందనుకుంటాం, వెనక వాగు నుంచి నీళ్ళు గడపలోకి వస్తాయి.

ఆ జూలైలో ఊరు ఊరంతా గుట్ట ఎక్కింది. మోయగలిగింది మోసుకున్నాం. వడ్ల బస్తాలు, మేకలు, కోళ్ళ గంపలు, పిల్లల సర్టిఫికెట్లు, పోడు భూమి పట్టా కాగితాలు. మందిరం నుంచి బైబిలు, ప్రభువు బల్ల పాత్రలు తెచ్చాం. వేల్పుల ఇంటివాళ్ళు తమ పడిగెలను వెదురు బొంగుకి చుట్టి తెచ్చుకున్నారు. వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం తడిసినవన్నీ ఒకే బండ మీద ఆరబెట్టాం. మా బైబిలు, వాళ్ళ పడిగె, అందరి పట్టాలు. గాలికి ఎగిరిపోకుండా ఆ కాగితాల మీద రాళ్ళు పెట్టి, వంతుల వారీగా కాపలా కూర్చున్నాం.

కష్టం మనిషికి తగ్గింపు నేర్పుతుందని చాలామంది సులువుగా చెప్పేస్తారు. మేము చూసినంతలో కష్టం తనంతట తాను ఏదీ నేర్పదు. ఒకే కష్టం ఒక్కొక్కరిని ఒక్కో దారిలో తీసుకెళ్తుంది. కొందరి మనసు గట్టిపడుతుంది. ఎవరినీ నమ్మరు. ఉన్నది దాచుకుంటారు. నాకు జరిగినంత ఎవరికీ జరగలేదంటారు. కొందరికి చేయి చాచడం అలవాటవుతుంది. జీపు దిగిన ప్రతివాడినీ దొరా అంటారు, ఒక టార్పాలిన్ పట్టా కోసం నడుము వంచేస్తారు. ఇది బయటికి తగ్గింపులా కనిపిస్తుంది కానీ కాదు. కష్టం ఆ మనిషిని విరిచేసింది, అంతే. ఇంకొందరు మూడో దారి పడతారు. నాకు నేనొక్కడినే చాలను, నా పక్కనున్నవాడూ కావాలి, మా ఇద్దరికీ పైన దేవుడూ కావాలి అని తెలుసుకుంటారు. తగ్గింపు అని మేము అనేది దీన్నే.

ఆ మూడో దారి గుట్ట మీద ఎలా మొదలైందో చెబుతాం. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క లేదు. వరద నీళ్ళు బురద. కాచి తాగుదామంటే ఎండు కట్టె లేదు. మాలో డిగ్రీ చదివినవాళ్ళున్నారు, ఉద్యోగం చేసేవాళ్ళున్నారు, చేతిలో ఫోన్లున్నాయి. ఫోన్లలో చార్జింగు లేదు. అప్పుడు ఒక ముసలవ్వ, ఏనాడూ బడి గడప తొక్కనిది, 1986లో అదే గుట్ట మీద చంటిబిడ్డతో తలదాచుకున్నది, కర్ర పట్టుకుని లేచింది. గుట్ట వెనక వైపు రెండు బండల మధ్య ఊట ఉందని చెప్పి నలుగురు కుర్రాళ్ళను వెంట తీసుకెళ్ళింది. ఆకులు తీసి, మట్టి తోడి, కాసేపు ఆగమంది. నీళ్ళు తేటపడ్డాక ముందు పసిపిల్లల తల్లులకు ఇవ్వమంది. ఏ చెట్టు కొమ్మ పచ్చిగా ఉన్నా మండుతుందో ఆమెకు తెలుసు. ఏ దుంప ఎన్ని నీళ్ళలో ఉడికిస్తే చేదు పోతుందో తెలుసు. ఆ వారం రోజులు గుట్ట మీద టీచరు ఆమే. చదువుకున్నవాళ్ళు ఆమె వెనక బిందెలు పట్టుకుని నడిచారు.

ఆమె మా సంఘ సభ్యురాలు కాదు. వేల్పుల ఇంటి పెద్దమ్మ.

వంట కూడా అంతే. మొదటి రోజు ఎవరి పొయ్యి వారిదే. రెండో రోజు నుంచి కట్టెలు తక్కువై మూడు పొయ్యిలే మిగిలాయి. స్లాబు ఇల్లున్న రైతు, పాక ఇల్లున్న కూలి ఒకే వరుసలో ఆకు పట్టుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రాలు మేము ప్రార్థన చేసుకున్నాం. వాళ్ళు తమ పద్ధతిలో మొక్కుకున్నారు. నిప్పు మాత్రం ఒకటే. ఒక పొయ్యి ఆరితే ఇంకో పొయ్యి నుంచి కొరివి తెచ్చుకున్నాం.

ఇక్కడ మాకు ఒక విషయం బాగా అర్థమైంది. ఇవ్వడం కన్నా తీసుకోవడం కష్టం. ఇచ్చేవాడి చేయి పైన ఉంటుంది. తీసుకునేవాడి చేయి కింద ఉంటుంది. మనం ఎవరికైనా ప్రార్థన చేసి, పిడికెడు బియ్యం పెట్టి, మంచి మాట చెప్పి వచ్చినప్పుడు మనసు నిండుగా ఉంటుంది. అదే మనిషి రేపు మనకు పిడికెడు బియ్యం పెడితే ఎక్కడో చిన్నగా గుచ్చుకుంటుంది. యోహాను సువార్త 13వ అధ్యాయంలో పేతురుకు జరిగింది ఇదే. యేసు కాళ్ళు కడగబోతే ఆయన ఒప్పుకోలేదు. గురువు మీది గౌరవంతోనే ఆ మాట అన్నాడు. అయినా ఆ సేవను తీసుకోకపోతే తనతో పాలు లేదని యేసు తేల్చి చెప్పాడు. సేవ చేయడం నేర్చుకున్నవాడు సగమే నేర్చుకున్నట్టు. సేవ చేయించుకోవడం కూడా నేర్చుకుంటేనే పాఠం పూర్తవుతుంది.

అదే అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది. అది మా పిల్లల ప్రశ్నకు నేరుగా జవాబు. యేసు తువ్వాలు కట్టుకుని నేల మీద కూర్చునే ముందు, తండ్రి తన చేతికి సమస్తం అప్పగించాడని, తాను దేవుని దగ్గర నుంచి వచ్చాడని, తిరిగి దేవుని దగ్గరికే వెళ్తున్నాడని ఆయనకు తెలుసునని యోహాను రాశాడు. ఆ తర్వాతే కాళ్ళు కడగడం. అంటే తానెవరో తెలిసినవాడే తగ్గించుకోగలడు. తన ఎత్తు తనకు తెలియనివాడిని ఎవరైనా వంచగలరు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు చెప్పింది కూడా ఇదే. క్రీస్తు తనను తానే తగ్గించుకున్నాడు. ఆయనను ఎవరో కిందకి నెట్టలేదు.

కాబట్టి ఎంత కిందకి తగ్గాలి అని అడిగే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మేము చెప్పేది ఇది. ముందు నిటారుగా నిలబడండి. దేవుడు తన పోలికలో చేసిన మనిషి కోయ గూడెంలో పుట్టినా ఆ పోలిక తగ్గదు. మన భాష తక్కువ భాష కాదు. మన పేరు తక్కువ పేరు కాదు. ఇతరులు మనల్ని చిన్నచూపు చూడడం వాళ్ళ పాపం, దానికి మనం తగ్గింపు అని పేరు పెట్టకూడదు. నిటారుగా నిలబడినవాడు ప్రేమతో ఇంకొకరి కాళ్ళ దగ్గర కూర్చుంటే, అది తగ్గింపు.

వరద తర్వాత రకరకాల మాటలు విన్నాం. వేల్పులను వదిలేసినందుకు గోదావరి తల్లికి కోపం వచ్చిందని ఒకరన్నారు. ఇంకా వేల్పులను పట్టుకున్నందుకు దేవుడు కొట్టాడని ఇంకొకరన్నారు. రెండు మాటలూ ఒకే చెట్టు కాయలు. ఎదుటివాడి కష్టానికి ఎదుటివాడి తప్పే కారణమని చెప్పి, తాను పైన నిలబడే పని అది. యోబు స్నేహితులు చేసింది అదే. లూకా సువార్త 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి ఉంది. వాళ్ళు యెరూషలేములో అందరికన్నా ఎక్కువ పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తానే చెప్పాడు. ఆ తర్వాత ప్రతివాడూ తన మనసు తాను చూసుకోవాలన్నాడు. వరద మా పాపానికి బెత్తం అని మేము చెప్పం. ఎగువన కుండపోత వానలు పడ్డాయి, ఏరులన్నీ గోదావరిలో కలిశాయి, నీళ్ళు పల్లానికి వచ్చాయి. పల్లంలో మేమున్నాం. దేవుడు ఎక్కడున్నాడని అడిగితే, గుట్ట మీద మాతో ఉన్నాడు అని మాత్రం చెప్పగలం.

కష్టాన్ని ప్రేమించాలని కూడా మేము చెప్పం. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు తన శరీరంలోని ముల్లు గురించి రాశాడు. అది పోవాలని మూడుసార్లు ప్రభువును బతిమాలుకున్నాడు. ముల్లు మంచిదని అనలేదు. అది పోకపోయినా కృప చాలునని, తాను హెచ్చిపోకుండా అది ఆపిందని తర్వాత తెలుసుకున్నాడు. మనం కూడా కష్టం పోవాలని అడగవచ్చు, అడగాలి. ఊళ్ళోకి నీళ్ళు రాకుండా ఏం చేయాలో పాలకులను అడగవచ్చు. ఇల్లు మునిగేచోట ఉండలేమని చెప్పవచ్చు. అలా అడిగినంత మాత్రాన విశ్వాసం తగ్గినట్టు కాదు.

నీళ్ళు తీశాక నష్టాల లెక్క రాసుకోవడానికి మనుషులు వచ్చారు. ఇళ్ళలో మోకాలి లోతు ఒండ్రు. గోడలు జారిపోయాయి. నారుమడులు పోయాయి. రాసుకున్న జాబితా చదివి వినిపించినప్పుడు కొన్ని పేర్లు లేవు. ఒంటరి ఆడవాళ్ళవి, కూలికి వెళ్ళి ఆ రోజు ఊళ్ళో లేనివాళ్ళవి. అప్పుడు మా ఆడవాళ్ళు చేసిన పని మాకు ఇప్పటికీ మెచ్చుకోలుగా ఉంటుంది. వాళ్ళు అరవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. నోటుబుక్కులో పేర్లన్నీ వరసగా రాసి, ఎదురుగా నిలబడి, "సార్, ఈ పేర్లు కూడా మా ఊరివే. రాసుకున్నాకే మీరు బయలుదేరండి" అన్నారు. మందిరానికి వచ్చే ఇళ్ళ పేర్లు, వేల్పుల ఇళ్ళ పేర్లు ఆ కాగితంలో కలిసే ఉన్నాయి. పేర్లు ఎక్కాయి.

ఇది తగ్గింపుకు విరుద్ధమా? కాదు. భూమి మీద ఉన్నవారందరిలో మిక్కిలి సాత్వికుడని సంఖ్యాకాండంలో చెప్పిన మోషే, ఫరో ముందు నిలబడి తన జనాన్ని విడిచిపెట్టమన్నాడు. ఫిలిప్పీలో అధికారులు పౌలును, సీలను విచారణ లేకుండా కొట్టించి జైల్లో వేశారు. తెల్లారి గుట్టుగా పంపించేయాలని చూశారు. పౌలు ఒప్పుకోలేదు. మేము రోమా పౌరులం, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలన్నాడు. వాళ్ళు వచ్చారు. ఇదంతా అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. ప్రధాన యాజకుని దగ్గర బంట్రౌతు చెంప మీద కొట్టినప్పుడు యేసు కూడా ఎందుకు కొట్టావని అడిగాడు. తిరిగి కొట్టలేదు, ఊరుకోనూలేదు. మనకు 1970 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధన ఉంది, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. వాటిని చదవడం, వాటి ప్రకారం అడగడం గర్వం కాదు. తన కోసం మాత్రమే అడిగి, పక్కింటి పేరు వదిలేసి రావడం గర్వం.

ఉపాధ్యాయులకు ఒక మాట. మా ప్రాంతానికి సువార్త గోదావరి ఒడ్డున ఉన్న దుమ్ముగూడెం నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో అక్కడ పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల గురించి ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రికలో వ్యాసాలు రాశారు. ఆ రేకపల్లి ఇప్పటి వరరామచంద్రపురం మండలంలో ఉంది. ఆయన బోధించడానికి వచ్చినవాడు. అయినా కోయ మాటలు నేర్చుకోవాలంటే కోయవాళ్ళ ముందు పిల్లవాడిలా కూర్చోవాల్సిందే. ఏ వస్తువును ఏమంటారని అడగాల్సిందే. తప్పు పలికితే నవ్వించుకోవాల్సిందే. ఈ రోజు మా బడులకు వచ్చే టీచర్లకూ అదే దారి. మొదటి తరగతి పిల్లవాడి నుంచి రోజుకు రెండు కోయ మాటలు నేర్చుకునే టీచరు ఆ పిల్లవాడికి తెలుగు త్వరగా నేర్పగలడు. తన దగ్గర కూడా టీచరు నేర్చుకునేది ఏదో ఉందని తెలిసిన పిల్లవాడు తలెత్తి మాట్లాడతాడు. అలాంటివాడే పెద్దయ్యాక ఇంకొకరి ముందు ఇష్టంగా తగ్గించుకోగలడు.

ఇక అన్నిటికన్నా కష్టమైన సంగతి. కష్టంలో తగ్గింపు నేర్చుకోవడం ఒక ఎత్తు, సుఖంలో దాన్ని నిలుపుకోవడం ఇంకో ఎత్తు. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయంలో మోషే ఇశ్రాయేలీయులకు నలభై ఏళ్ళ అరణ్య ప్రయాణాన్ని గుర్తు చేస్తాడు. ఆకలి, మన్నా, అరిగిపోని బట్టలు. కానీ ఆయన భయమంతా అరణ్యం గురించి కాదు. ముందున్న రోజుల గురించి. తిని తృప్తి పడి, మంచి ఇళ్ళు కట్టుకుని, పశువులు పెరిగి, వెండి బంగారాలు పెరిగినప్పుడు మనసు పొంగి, ఇదంతా నా చేతి బలమే అనుకుంటారని ఆయన భయం.

మా పిల్లలకూ ఆ రోజులు వస్తున్నాయి, రావాలి. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. కొందరు పట్నంలో చదువుతున్నారు. కొన్ని కుటుంబాలు ముంపు పరిహారం తీసుకుని కాలనీ ఇళ్ళకు వెళ్ళాయి. గుట్ట మీద ఒకే పొయ్యి దగ్గర తిన్నవాళ్ళు కాలనీలో ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటే గుట్ట నేర్పిన పాఠం అక్కడే ఆగిపోతుంది. చదువుకున్న కొడుకు పట్నం బస్టాండులో తల్లితో కోయ మాట్లాడడానికి సిగ్గుపడితే, ఆ తల్లి తల వంగుతుంది. కొడుకు మాత్రం ఏమీ తగ్గించుకున్నట్టు కాదు. ప్రార్థనకు వచ్చేవాళ్ళం గనుక రానివాళ్ళకన్నా మేలు అనుకునే సంఘం, ఎంత గట్టిగా పాడినా, ఊట దగ్గరికి దారి మరచిపోయిన సంఘమే.

అందుకే మా సంఘంలో కొన్ని చిన్న పనులు పెట్టుకున్నాం. జూన్ చివరికల్లా గుట్ట మీది ఊట దగ్గర ఆకులు తీసి శుభ్రం చేస్తాం. ఇందులో మందిరం కుర్రాళ్ళు, వేల్పుల ఇళ్ళ కుర్రాళ్ళు కలిసి పనిచేస్తారు. పట్టాలు, సర్టిఫికెట్లు తడవని సంచుల్లో పెట్టి ఉంచమని ఇంటింటికీ చెప్పి వస్తాం. నడవలేని పెద్దవాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో, వాళ్ళను మోయడానికి ఎవరు వస్తారో ముందే పేర్లు రాసుకుంటాం. ఉద్యోగం ఉన్నవాళ్ళ పేర్లు ఆ మోసేవాళ్ళ వరుసలో మొదట ఉంటాయి. ముసలవ్వ చెప్పిన దుంపల పేర్లు, కట్టెల పేర్లు కోయలోనే ఒక నోటుబుక్కులో రాస్తున్నాం. రాసేది ఇంటర్ చదివే అమ్మాయి, చెప్పేది అవ్వ.

మీ ఊళ్ళో వరద ఉండకపోవచ్చు. జ్వరాల కాలం ఉండవచ్చు, పంట పోయిన ఏడాది ఉండవచ్చు, దారి లేక డోలీలో మోసుకెళ్ళే రాత్రి ఉండవచ్చు. ఆ కష్టం దాటాక ఎవరిని తక్కువగా చూశాం అని లెక్కలు తీయడం కన్నా, ఎవరి చేతి నుంచి ఏం తీసుకున్నామో ఒకసారి పేర్లతో రాసి చూడండి. ఆ పేర్లను ప్రార్థనలో చదవండి. ఆ ఇళ్ళకు పండగ పూట ముందుగా వెళ్ళండి.